ఏటా చెప్పే సాక్ష్యం

సాక్ష్యం చెప్పడం మా అవ్వకు వచ్చినట్టు నాకు రాదు. సుల్తానాబాద్ మందిరంలో ఆమె లేచి నిలబడిందంటే, తప్పిపోయిన బర్రె దొరికిన సంగతి చెప్పినా సరే, ఆడవాళ్లంతా కొంగులు కళ్లకద్దుకునేవాళ్లు. నేను బడిలో తెలుగు చెప్పే పంతులమ్మను. క్లాసులో నా గొంతు లేస్తే పక్క క్లాసు కూడా గమ్మునుంటుంది. అదే గొంతు చర్చిలో నలుగురి ముందు నిలబడేసరికి పిల్లికూన గొంతవుతుంది. అయినా ఏడాదికోసారి నిలబడక తప్పదు. మొక్కుకున్నాను కాబట్టి.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. మా దగ్గర ఆరాధన నడుమ అయ్యగారు, అంటే మా పాస్టరు, "సాక్ష్యాలున్నవాళ్లు రండి" అంటారు. దేవుడు మేలు చేసినవాళ్లు ముందుకొచ్చి, సంఘానికి వందనాలు చెప్పి, జరిగింది చెప్పి, "దేవునికే మహిమ" అని ముగిస్తారు. అందరూ ఆమేన్ అంటారు. జ్వరం తగ్గినవాళ్లు లేస్తారు. ఉద్యోగం వచ్చినవాళ్లు లేస్తారు. జ్వరం తగ్గనివాళ్లు, ఉద్యోగం రానివాళ్లు చాపల మీదే కూర్చుని ఆమేన్ అంటారు. వాళ్లకు లేచే వంతు ఎప్పుడూ రాదని నాకు చాలా ఏళ్లు తట్టనే లేదు. తట్టే అవసరం నాకేముంది? నేను లేచేదాన్ని.

మేముండేది గోదావరి దగ్గర బొగ్గుబాయి కాలనీ. ఒక గోడకు అటూ ఇటూ రెండు క్వార్టర్లు. మా గోడకు అవతల ఒకామె ఉంటుంది. ఖానాపూర్ వైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. నేను అక్కా అంటాను, ఆమె చెల్లే అంటుంది. మా ఇద్దరి ఇంటివాళ్లకూ ఒకే బాయిలో పని. వాళ్లు ఒకే షిఫ్టులో దిగిన రోజు మేమిద్దరం ఒకే పూట భయపడేవాళ్లం, ఒకే పూట ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఆమె వరండాలో కుట్టుమిషన్ ఉండేది. కాలనీలో సగం జాకెట్లు ఆ మిషన్ మీద నుంచే వచ్చేవి. "నీ కొలతలు రాసుకునుడు దండుగ చెల్లే, నెలనెల మారుతున్నయి" అని నా నడుము మీద ఆమె వేసే జోకులకు లెక్కలేదు.

ఆమెకు ఒక్కడే కొడుకు. నాకు ఒక్కతే కూతురు. ఒకే బడి, ఒకే ఆటో. వాడు ఏడాది పెద్ద. దీన్ని "ఏ పొట్టీ" అని పిలిచేవాడు, ఇది వాణ్ణి రక్తం వచ్చేట్టు గిచ్చేది. ఆదివారం పాఠశాలలో పక్కపక్కనే కూర్చుని వాక్యాలు ఒప్పజెప్పేవాళ్లు. వాడు మరిచిపోతే ఇది గుసగుసగా అందించేది, ఇది మరిచిపోతే వాడు గట్టిగా నవ్వేవాడు.

ఒక వానకాలం కాలనీ మొత్తం జ్వరాలు. ముందు వాడు పడ్డాడు, వెనకే ఇది. డెంగీ అన్నారు. రక్తంలో కణాలు పడిపోతున్నాయి, కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు. ఒకే అంబులెన్సులో పోయాం. ఒకే వార్డులో పక్కపక్క మంచాలు దొరికాయి. అది కూడా దేవుని కృపే అనుకున్నాం.

వార్డు బయట మెట్ల కింద కాస్త ఖాళీ జాగా ఉండేది. మేమిద్దరం అక్కడ మోకాళ్లూని, చేతులు పట్టుకుని ప్రార్థన చేసేవాళ్లం. ఆమె నా బిడ్డ పేరు ముందు చెప్పేది. నేను ఆమె కొడుకు పేరు ముందు చెప్పేదాన్ని. మర్యాదకు కాదు. అట్లా అయితే దేవుడు మమ్మల్ని స్వార్థపరులనుకోడని ఏదో పిచ్చి ఆశ. ఇక్కడ కాలనీలో సంఘం గొలుసు ప్రార్థన పెట్టింది. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుని, తెగకుండా మా పిల్లలిద్దరి కోసం మొరపెట్టారు. మా ఇద్దరి ఉపవాసం ఒక్కటే. ఒకే సీసాలో నీళ్లు తాగాం.

మొక్కులు కూడా అక్కడే మొక్కుకున్నాం. బిడ్డను నా చేతికిస్తే ఏటా సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్తానని నేను మొక్కుకున్నాను. కొడుకును ఇస్తే, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డను ఏటా తన చేత్తో కుట్టి ఇస్తానని ఆమె మొక్కుకుంది. ఒకరి మొక్కు ఒకరికి తెలుసు. పైకే చెప్పుకున్నాం.

డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఆ మాట ఆమె కూడా అంటుంది. ఒక మధ్యాహ్నం నా బిడ్డ కళ్లు తెరిచి "అమ్మా, ఆకలైతుంది" అంది. ఆ మాటకు నా ఒళ్లంతా సంతోషం పాకింది. బిస్కెట్ ఇవ్వొచ్చా అని నర్సును అడగడానికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పక్క మంచం చుట్టూ తెర లాగి ఉంది. తెర వెనక ఆమె గొంతు. వాడు పోయాడు. నా చేతిలో బిస్కెట్ పుడా ఉంది. నా మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మేం అడిగాం. ఒకే మాటలతో, ఒకే మెట్ల కింద అడిగాం. నా ప్రార్థనలో ఉన్నదీ ఆమె ప్రార్థనలో లేనిదీ ఏమిటని ఎన్నిసార్లు వెతికానో. ఏమీ లేదు. నిజం చెప్పాలంటే ఆమె నాకంటే భక్తిపరురాలు. నేను టీవీ సీరియల్ కోసం ప్రార్థన కూటం ఎగ్గొట్టిన మనిషిని.

బిడ్డను డిశ్చార్జి చేసి తెస్తుంటే, వాళ్ల క్వార్టర్ ముందు ఇంకా టెంటు ఉంది, కుర్చీలున్నాయి. ఆటోను సందు మొదట్లోనే ఆపించాను. బిడ్డ తల మీద నా కొంగు కప్పి, వెనక సందులోంచి, బట్టలారేసే తీగల కింద వంగి, దొంగసొత్తు తెచ్చుకున్నట్టు ఇంట్లోకి తెచ్చుకున్నాను. "అమ్మా, ముందటి తలుపులకెల్లి పోదాం" అని అది ఒకటే గునిసింది. నోరు మూయమన్నాను.

మొదటిసారి సాక్ష్యం చెప్పినప్పుడు నా వెన్ను తడిసిపోయింది. ఆమె రాలేదని తెలిశాకే లేచాను. అప్పుడు అన్నీ చెప్పాను. జ్వరం, కణాలు, గొలుసు ప్రార్థన, ఆకలి మాట. వాడి సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తాననుకున్నాను, ఎవరైనా వెళ్లి ఆమెకు చెప్తారనుకున్నాను. ముగించగానే సంఘపెద్ద ఒకాయన లేచి, "చూసిండ్రా, విశ్వాసముంటే దేవుడు ఇస్తడు. గీ చెల్లె విశ్వాసం గొప్పది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నా విశ్వాసం గొప్పదైతే ఆమెదేమిటి? అక్కడే లేచి, "కాదు సార్, మా ఇద్దరిదీ ఒక్క విశ్వాసమే" అనొచ్చు. నోరున్న దాన్నని కాలనీలో పేరు నాకు. ఆ రోజు ఆ నోరు పనిచేయలేదు. వందనాలని తల వంచుకుని వచ్చి కూర్చున్నాను.

కొన్నాళ్లు ఆమె చర్చికి రాలేదు. అయ్యగారు, ఆయన భార్య ఇంటికి పోతే తలుపు తీసింది, చాయ్ పోసింది, ప్రార్థన చేస్తామంటే మాత్రం "ఇప్పుడొద్దు" అంది. కాలనీలో తలా ఒక మాట. ఇక తిరిగి బొట్టు పెట్టుకుంటుందని ఒకరు, ఖానాపూర్ వెళ్లిపోతుందని ఒకరు. నేను మాత్రం ఆమె రాకపోతేనే బాగుండునని ఒక మూల కోరుకున్నాను. ఆ కోరికకు కూడా సిగ్గుపడ్డాను.

క్రిస్మస్ ముందు ఆదివారం ఆమె వచ్చింది. చంకలో ఒక సంచి. ఎవరితో మాట్లాడకుండా బల్ల దగ్గరికి పోయి, పాత గుడ్డ తీసి, కొత్త తెల్లగుడ్డ పరిచింది. అంచుల చుట్టూ సన్నని ద్రాక్షతీగ కుట్టింది. కోరింది దక్కకుండానే మొక్కుబడి చెల్లించిన మనిషిని మా సంఘం అంతకుముందు చూడలేదు. ఏమనాలో ఎవరికీ తెలియలేదు. స్తోత్రమనాలా, ఓదార్చాలా?

నాకు కోపం వచ్చింది. సాయంత్రం గోడ దగ్గర అడిగేశాను. "ఎందుకు కుట్టినవక్కా? ఆయన ఇయ్యలే గదా."

ఆమె ఆరిన బట్టలు మడతపెడుతూ చెప్పింది. "ఆయన ఇయ్యలే. నిజమే. నేను గూడ మాట తప్పితే, మా ఇద్దరి నడుమ ఇంకేం మిగుల్తది?"

"మరి ప్రార్థన చేస్తున్నవా?"

"లే. ఆయనతోటి మాట బంద్. రాకపోకలు బంద్ పెట్టలే." ఇంకో చీర మడతలోకి తీసుకుంది. "అన్నదమ్ములు గూడ గట్ల ఉంటరు. మాట్లాడుకోరు. పెండ్లికి పోతరు, చావుకు పోతరు. ఎందుకు పోతరు? పోకుంటే సంబంధం తెగుతది. నాకు తెగుడు ఇష్టం లేదు చెల్లే. తెగితే నా కొడుకును యాడ అడగాలె, ఎవల్ని అడగాలె?"

ఆ సాయంత్రం లోపలికొచ్చి పప్పు మాడ్చుకున్నాను.

అప్పటి నుంచి ఆమె ప్రతి ఆదివారం వచ్చేది. చీపురు పట్టి చర్చి ఊడ్చేది, చాపలు పరిచేది, ప్రసంగం వినేది. పాటలప్పుడు పెదవులు కదిపేది కాదు. ప్రార్థనప్పుడు కళ్లు మూసుకునేది కాదు. అందరం కళ్లు మూసుకున్నప్పుడు ఆమె ఒక్కతే కళ్లు తెరుచుకుని ఎదురుగా చూస్తుందని నాకు తెలుసు. ఎట్లా తెలుసంటే, నేను కూడా దొంగచాటుగా ఒక కన్ను తెరిచి ఆమెనే చూసేదాన్ని.

ఆమె ఎదుట కూర్చుంటే నేను సాక్ష్యం ఎట్లా చెప్పాలి? మొక్కు తప్పితే బిడ్డకేమవుతుందోనని భయం. మొక్కు చెల్లిస్తే ఆమె పుండు మీద కారం చల్లినట్టవుతుందని భయం. ఒకసారి మానేద్దామనుకున్నాను. ఆ వారమే బిడ్డకు ఒళ్లు వెచ్చబడింది. వట్టి జలుబు. నేను మాత్రం దేవుణ్ణి చిట్టీలవాణ్ణి చేసి, వాయిదా తప్పితే ఇంటి మీదికి వస్తాడని వణికిపోయాను. ఆదివారం అందరికంటే ముందు లేచి నిలబడ్డాను. మా ఇంటాయన ఆ రోజు ఇంటికొచ్చి, "నువ్వు మొక్కకుండ అడగరాకపాయెనా? అటు ఆయనకు పరేషాన్, ఇటు నీకు పరేషాన్" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

కాబట్టి తెలివిగా ఒక పని చేశాను. బియ్యంలో రాళ్లేరినట్టు, ఏటేటా నా సాక్ష్యంలోంచి మాటలు ఏరేశాను. ఒక ఏడు వార్డు తీసేశాను. ఇంకో ఏడు కరీంనగర్ తీసేశాను. తర్వాత జ్వరం పేరు పోయింది, గొలుసు ప్రార్థన పోయింది. చివరికి, "సంఘానికి వందనాలు, దేవుడు మా ఇంట్లో ఒక మేలు చేసిండు, దేవునికే మహిమ." అంతే. ఎవరికేం జరిగిందో కొత్తగా వచ్చినవాళ్లకు అర్థం కాదు. పెద్ద త్యాగం చేసినట్టు, ఆమె మనసు కాపాడినట్టు లోపల చిన్న గర్వం కూడా ఉండేది.

బిడ్డను కూడా అట్లాగే ఏరేశాను. పుట్టినరోజులు తలుపులేసుకుని చేశాను. పెద్దమనిషైతే మా అమ్మగారింటికి తీసుకెళ్లి అక్కడే ముగించాను. బడిలో బహుమతి వస్తే బీరువాలో పెట్టాను. బట్టలు అంతకుముందు అక్కే కుట్టేది. టేపు పట్టుకుని ఎదిగే నా బిడ్డను ఏటా కొలవడం ఆమెకు ఎంత నరకమోనని, చౌరస్తాలో టైలర్‌కు ఇవ్వడం మొదలుపెట్టాను. ఆ టైలర్ కుట్టిన చుడీదార్లు ఎప్పుడూ ఒక భుజం జారేవి. అడిగితే ఏదో అబద్ధం. "నీకు కండ్లు నొస్తున్నయన్నవ్ గదక్కా" అన్నాను ఒకసారి. ఆమె నన్ను ఊరికే చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం నేను. ఆమె చూపు మామూలుగా ఉన్నా నాకు మామూలుగా కనపడేది కాదు.

ఏళ్లు అట్లాగే గడిచాయి. నా బిడ్డ ఇంటర్ చదివింది. ఫలితాలు వచ్చిన పొద్దున ఫోన్ పట్టుకుని ఎగిరి గంతేసింది. కాలేజీలో దానిదే మొదటి ర్యాంకు. నేను మొదట చేసిన పని వెళ్లి కిటికీ మూయడం.

అది గంతులు ఆపేసింది. కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది. "అమ్మా, నేను బతుకుడు తప్పయిందా?"

"ఏం మాటలే అవి?"

"మరి ఏ సంతోషమైనా దాస్తవెందుకు? పెద్దమ్మకు నన్ను కనపడనియ్యవు. నేనేమన్న దొంగతనం చేసిన్నా?"

చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. అది డబ్బాలో ఉన్న లడ్డూలు గిన్నెలో వేసుకుని, ముందు తలుపు బార్లా తెరిచి, సరాసరి పక్కింటికి పోయింది. నేను వంటింట్లో గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. కుట్టుమిషన్ చప్పుడు మాత్రం ఆగిపోయింది.

కాసేపటికి ఖాళీ గిన్నె పట్టుకుని ఆమే వచ్చింది. వరండాలో అరుగు మీద కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏడిపించిందా అక్కా? అది చిన్నపిల్ల, దానికి తెల్వదు."

"ఏడ్చిన" అంది. "నా కొడుకు ఉంటే డిగ్రీల ఉంటుండె. ఏడుపొస్తది. వస్తే ఏంది? నీ బిడ్డను చూడకుంటే రాదా? పండుకుంటే వస్తది, లేస్తే వస్తది. నువ్వు కిటికీ మూస్తే ఆగుతదా?"

నేను గడపలోనే నిలబడిపోయాను. ఆమె గొంతు పెంచలేదు. అయినా నన్ను గోడకు నిలబెట్టి అడుగుతున్నట్టే ఉంది.

"నీ బిడ్డను నాకు లేకుండ చేసినవ్. చౌరస్తల ఇచ్చినవ్ కుట్టనీకి. నేనేమన్న అన్ననా ఎన్నడన్న?"

"లేదక్కా. నీకు బాధైతదని."

"నాకు కాదు, నీకు బాధైతదని" అంది ఆమె. "నా పేరు పెట్టి నీ బాధ దాసుకున్నవ్. సరే, అది కానియ్యి. ఒక్కటి అడుగుత, చెప్పు. ఏటేట సాక్ష్యం చెప్తవు. నేను ప్రతిసారి వింట. అందుల నా కొడుకు ఏడి?"

నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు.

"గా వార్డుల ఇద్దరు పిల్లలుండిరి చెల్లే. ఒక్క బండిల పోయినం. ఒక్క ప్రార్థన చేసినం. నువ్వు లేచి నిలబడంగనే, ఇగ ఇప్పుడు చెప్తది, ఇగ ఇప్పుడు వాని పేరు తీస్తదని చూస్త. నువ్వు తియ్యవు. వానిని తెల్సినోళ్లు కాలనీల ఎందరున్నరు ఇప్పుడు? రిటైరై పోయిరి, బదిలీలై పోయిరి. నాకు, మా ఇంటాయనకు, నీకు ఎర్క. నాకు లేచే వంతు లేదాయె. లేచే వంతు ఉన్నదానివి నువ్వు. నువ్వు గూడ తియ్యకుంటే, వాడు అసలు పుట్టనే లేదన్నట్టు."

అన్నేళ్లూ నేను మోసిన తప్పు వేరు. నా బిడ్డ బతికింది, ఆమె కొడుకు బతకలేదు, అదే నా తప్పనుకున్నాను. అందులో నా చేతిలో ఏముంది? నా చేతిలో ఉన్నది ఒకటే, నాలుగు మాటలు. ఆ మాటల్లోంచి వాణ్ణి నేనే తీసేశాను, ఆమె కళ్లెదుట, ఏటా, ప్రేమ పేరుతో. దేవుడు ఒకసారి తీసుకున్నాడు. నేను ప్రతి ఏడూ తీసుకున్నాను.

ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను. "లే, లే, గట్ల చెయ్యకు, చూసేటోళ్లు ఏమనుకుంటరు" అని నా జబ్బ పట్టి లేపింది. లేపి, "చాయ్ అన్న పొయ్యవా?" అంది. చాయ్‌లో చక్కెర వేయడం మరిచిపోయాను. అట్లాగే తాగింది.

నా మొక్కు వంతు ఆ వానకాలంలోనే వచ్చింది. ఆ నెల బల్ల ఆదివారం, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. అయ్యగారు సాక్ష్యాలకు పిలిచారు. లేచాను. ఆమె ఆడవాళ్ల వైపు స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"సంఘానికి వందనాలు" అన్నాను. "ఇన్నేండ్లు నేను సగం సాక్ష్యమే చెప్పిన. ఈ రోజు మొత్తం చెప్త. కరీంనగర్ దవాఖానల ఇద్దరు పిల్లలుండిరి." రెండు పేర్లూ చెప్పాను. వాడి పేరు ముందు చెప్పాను, మెట్ల కింద చెప్పినట్టే. ఆ పేరు ఇక్కడ రాయను. అది నోటితో పిలవాల్సిన పేరు. "ఇద్దరి కోసం ఒక్కటే ప్రార్థన చేసినం. నేనెట్ల అడిగిన్నో అక్క గట్లనే అడిగింది. ఎక్కువ తక్కువ లేదు. ఒకరు ఇంటికొచ్చిండ్రు, ఒకరు రాలే. ఎందుకో నాకు తెల్వదు. విశ్వాసం నాకెక్కువ ఉండి కాదు. ఆ మాట అన్ననాడు నేను ఊకున్న. ఊకునుడు నా పాపం."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. అయ్యగారు తల వంచుకున్నారు. నాకు వాడి గురించి ఇంకా చెప్పాలనిపించింది. ఆదివారం పాఠశాలలో ఎట్లా నవ్వేవాడో చెప్పాను. దవాఖానకు పోయేనాడు నీలం రంగు అంగీ వేసుకున్నాడని చెప్పాను.

"పచ్చది."

ఆమె గొంతు. చాప మీద నుంచి, అందరికీ వినపడేట్టు. "నీలం కాదు చెల్లే, పచ్చ అంగీ. నేనే కుట్టిన. జేబుకు గుండీ పెట్టుమన్నడు, పెట్టిన."

"పచ్చ అంగీ" అన్నాను. "జేబుకు గుండీ."

ఆమె తలూపింది. ఇక ముగించాలి. ముగింపు మాట అందరికీ తెలిసిందే, మూడేళ్ల పిల్లలక్కూడా తెలుసు. ఇద్దరి కథ చెప్పి, వాణ్ణి మట్టిలో పెట్టిన సంగతి చెప్పి, ఆమె మొహం చూస్తూ మహిమ అని ఎట్లా అనాలి? అనకపోతే నా పక్కనే కూర్చునే నా బిడ్డ మొహం ఎట్లా చూడాలి? నిలబడే ఉన్నాను. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. వెనక చాపల మీద పసిపిల్ల ఒకటి ఏడ్చి ఊరుకుంది.

"అను చెల్లే" అంది ఆమె. ఈసారి గొంతు తగ్గించి, మా వరండాలో మాట్లాడినట్టే. "నీకు ఇచ్చిండు గదా, అను. నాకింకా నోరు వస్తలేదు. నువ్వన్న అను."

అన్నాను. ఏడుస్తూ అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆమె అనలేదు. లేచి, కొంగు తల మీదికి లాక్కుని, బల్ల దగ్గరికి పోయే వరుసలో అందరికంటే ముందు నిలబడింది.